పేరు గడి

రాత్రి తొమ్మిదికి షట్టర్ సగం దించి
జిరాక్స్ మిషన్ మీద అట్ట పరిచి
ఇరవై మొకాల పాచిక తీస్తం.
గడియారం సెంటర్ల మిర్చి బండి మంట ఆరుతుంటది.
నూనె వాసన సందులకెళ్లి వచ్చి
మాతోటి ఆటకు కూసుంటది.

నలుగురం.
బోరు నీళ్ల సీసాలు పరీక్ష చేసే నుస్రత్.
మిర్యాలగూడ మిల్లుల కాంటా రాసే పర్వతాలు.
ఖమ్మం నుంచి మొన్ననే బదిలీ మీద వచ్చిన కిరీటి.
కథ చెప్పేది నేను.
గుహలు నావి, గుహలల్ల ఉండేటివి నావి.

పేర్లే నాతోని కాలే.
మొదట్ల పుస్తకంల ఉన్నయే చదివిన,
నాలుక మడత పడే పేర్లు, ఒక్క సున్నా లేని పేర్లు.
"ఇదేదో దగ్గుమందులా ఉంది, పూటకు రెండు మూతలా?"
అన్నడు కిరీటి.
మూడు తలలది నవ్వులల్లనే సచ్చింది.

ఇంకోసారి సంస్కృతం దించిన.
మహా తోని మొదలు, అసురుడు తోని ముగింపు.
పర్వతాలు ఆవలించి
"గీయన ఊరేగింపుల కూసునేటోడు,
కొట్టబుద్ధి అయితలేదు" అన్నడు.

ఇగ మా దిక్కు మాటలే ఎతుక్కున్న.
క్వారీల బతికేదానికి బండగుటక.
తాళ్లల్ల నుంచి తలకిందులుగ దిగేదానికి జారుడుగొంతు.
మనిషి మాటను సగంల కొరికి తినేదానికి
ఏం పెట్టాలో తోచక
"ఆఁ..." అని రాసి ఇడిచిన.
దానికే అందరు భయపడ్డరు.

గప్పుడు సమజైంది.
భయమున్న చోట పేరు పక్కకు జరుగుతది.
పామును పురుగంటం.
ఒంటి నిండ పోసినదాన్ని అమ్మ అంటం.
దీపం కొండెక్కిందంటం.
చీకటి పడ్డంక మా నాయినమ్మ ఉప్పును ఉప్పనేది కాదు,
దుకాణపాయన ఏందని అడిగేటోడు కాదు,
పొట్లం కట్టి ఇచ్చేటోడు.

నిన్నటి ఆటల ఒకటి పుట్టిచ్చిన.
రంగు లేదు, వాసన లేదు, ఉరుకదు, అరువదు.
బాయిల ఉంటది, బిందెల ఇంట్లకొస్తది.
ఎవల్ని సంపదు.
మోకాళ్లు వంచి, మెడ బిగబట్టి
మనిషిని మనిషిలనే ముడేస్తది.
పేరు గడి ఖాళీ.

పర్వతాలు పాచిక కింద పెట్టిండు.
ఫోన్ తీసి మర్రిగూడ దిక్కు ఉండే అక్కకు కలిపిండు.
ముప్పై ఏండ్ల సంది నిటారుగ నిలవడని అక్క.
"అక్కా, గిట్ల గిట్ల ఉంటదట. పేరు చెప్పు."

స్పీకర్ల టీవీ చప్పుడు.
కుర్చీ జరిగిన చప్పుడు.
"చిట్టి అని పెట్టుండ్రి" అన్నదామె.
"అదేందక్కా?"
"మరి? చిన్నప్పటి సంది నా ఒళ్లనే పెరిగింది గద.
నేను తాగిన నీళ్లే తాగింది.
నాకంటె అదే మంచిగ ఎదిగింది.
సరెగని, గెలిస్తె ఫోన్ చెయ్యి తమ్మీ,
పన్నెండు దాక మేలుకోనే ఉంట."

రాసిన: చిట్టి.
పక్క గడిల బలం ఎంతో రాయాలె.
రాచ్చసులకు నూర్లల్ల రాస్తం,
మొన్నటి డ్రాగన్‌కు ఐదు నూర్లు.
నుస్రత్ నా చేతిల పెన్ను గుంజుకొని
రోజు ఆఫీసుల రాసే రాతనే,
తొందర లేకుంట రాసింది:
నాలుగు పాయింట్ రెండు.

కిరీటి వంగి చూసి నవ్విండు.
"ఇంతేనా? ఒక్క దెబ్బ!"
పాచిక గుప్పిట్ల పట్టి ఊపుతున్నడు.
మేం ముగ్గురం
పెన్ను మూత ఎటు పోయిందో ఎతుకుతున్నం.