వాసన చెప్పండి

హనుమంతవాక దాటి ఎండాడ ఎత్తు ఎక్కుతుంటే
మూడో గేరులో ఓసారి మూలిగింది.
రేడియో తగ్గించాను, అదేదో మర్యాదన్నట్టు.
ముల్లు అప్పటికే ఎర్రగీత మీద వాలిపోయి ఉంది.
ఎప్పట్నించి ఉందో,
నేను చూడని వాటిలో అదీ ఒకటి.

బానెట్ అంచుల్లోంచి తెల్లగా పొగ.
సముద్రం వైపు గాలి దాన్ని దువ్వి
అద్దం మీద పరిచింది.
ఐసు వ్యాను తప్పించుకుని పక్కకి తీశాను,
తాళం తిప్పేశాను,
దిగి నిలబడ్డాను
ఆ పాత బండి ముందు,
ఏ వార్డో తెలియని చుట్టంలా.

కంచరపాలెం జిలానీకి ఫోను చేస్తే
"పొగ సంగతి తర్వాత సార్,
వాసన చెప్పండి.
కాలిన రబ్బరైతే బెల్టు.
మాడిన నూనైతే ఆయిలు కారుతున్నట్టు.
కుళ్ళిన గుడ్డైతే బ్యాటరీ, దూరం జరగండి.
ప్లాస్టిక్ అయితే వైరింగు, ఇంకా దూరం జరగండి.
చెప్పండి, ఏం వాసన?"

ఎలా చెప్పను జిలానీ,
ఆ జ్వరాల ఏడాది పోయిన ముక్కు
ఇంకా తిరిగి రాలేదని.
అప్పట్నించీ కాఫీ వేడిగా ఉంటుంది, అంతే.
గ్యాసు పొయ్యి దగ్గర మా అమ్మాయి కాపలా.
మల్లెపూలు తెల్లగా ఉంటాయి.

"ఒక్క నిమిషం" అని
దారినపోయే వాళ్ళ ముక్కులు అప్పడిగాను.

స్కూటీ ఆపిన కుర్రాడు,
మెళ్ళో ఏదో కంపెనీ బ్యాడ్జీ,
దగ్గరికి రాలేదు.
చేతిరుమాలు అడ్డం పెట్టుకుని
ముందు కొమ్మలు ఎటు ఊగుతున్నాయో చూశాడు,
గాలికి ఎదురు నడిచి అవతల నిలబడ్డాడు.
"మాది గోపాలపట్నం అవతల సార్" అన్నాడు,
అంతకంటే వివరం అక్కర్లేదన్నట్టు.
అక్కర్లేదు.
ఈ ఊళ్ళో కొందరికి
వింత వాసనంటే ఇప్పటికీ ఒక తెల్లవారుజాము.
"తియ్యగా ఉంది. తియ్యటివే నమ్మకూడదు" అని
స్టార్టు చేసుకుని వెళ్ళిపోయాడు.

ఖాళీ తట్టతో ఆటోకి నిలబడ్డ ఆవిడ,
పెదజాలారిపేట, పేరు పోలమ్మట,
నవ్వింది. "నా ముక్కా బావూ?
పొద్దున్నించీ కోనెం, కవళ్ళు తప్ప
ఏటీ ఎరగదది."
అయినా వంగింది.
రోడ్డు మీద బొట్టుబొట్టుగా పచ్చనీళ్ళు.
వేలు అద్ది ముక్కు దగ్గర పెట్టుకుంది,
చేప మొప్ప ఎత్తి చూసేటప్పటి ముఖంతో.
"బెల్లం పాకం.
అనకాపల్లి బెల్లమే, అడుగంటింది.
పొయ్యి కాడ ఎవులూ నేరు."

ఫోన్లోంచి జిలానీ అరిచాడు.
"కూలెంటు! పైగొట్టం చిట్లింది సార్.
మూత ముట్టుకోకండి, మొహం కాలిపోద్ది.
ఆ అమ్మని చెయ్యి కడుక్కోమనండి,
తియ్యగానే ఉంటాది గానీ విషం."

నా సీసాలో నీళ్ళు ఆమె వేళ్ళ మీద పోశాను.
ఎండ మా ఇద్దరికీ ఒకటే నీడ ఇచ్చింది,
బండి నీడ.

ముప్పావుగంటకి వచ్చాడు జిలానీ,
చల్లారిందాకా బీడీ ముట్టించకుండా కూర్చుని
గుడ్డ చుట్టి మూత తిప్పాడు.
క్లాంపు కింద గొట్టం పగిలి
పసిపిల్ల నోరంత చీలిక.
రెండంగుళాలు కోసి పారేసి
మిగిలింది లాగి బిగించాడు.
"నెల్లాళ్ళనించీ కారుతుంటాది.
మీకు తెలియాలే, కారంతా ఇదే వాసన" అన్నాడు.
తెలియాలి.
డబ్బులిచ్చాను, ఇంకేం చెప్పలేదు.

ఆటో ఎలాగూ రాలేదు,
పోలమ్మ తట్ట వెనకసీట్లో పెట్టుకుంది,
సీటు పాడవుద్దని కింద సంచీ పరిచి.
సాగర్‌నగర్ దగ్గర మలుపు తిరగ్గానే
సముద్రం మొత్తం ఎడమపక్కకి వచ్చి పడింది.
అద్దం దించి అడిగాను,
"ఇవాళ సముద్రం ఏం వాసనేస్తోంది?"

వెర్రివాణ్ణి చూసినట్టు చూసింది.
"సముద్రానికి వాసనేటి బావూ?"

ముల్లు మధ్యలో నిలబడి ఉంది.
పేట దాకా
దాన్నే చూస్తూ నడిపాను.