దోనెల గుట్ట

ఆ అక్షరాలు నాకు చదవను రావు. గీయను వస్తాయి.
ఒక సున్న, దాని కింద అడ్డగీత, పక్కన నిలువు గీత.
పెనుకొండ హైవే మీద పదకొండు హోటళ్ళకు బోర్డులు రాస్తి
ఒక్కదాని అర్థమూ అడక్కుండా.
కార్ల ఫ్యాక్టరీ వచ్చినాక
ఫకీర్ ఆర్ట్స్‌కు అదే కూడు.

ఓక్సునమ్మ మాత్రం తానే చెప్పింది.
ఆమె పేరు ఓక్సున్ అంతే,
అమ్మను తగిలించింది వంటకాడ తిమ్మక్క.
గోడ మీద కొండ బొమ్మ కావాలని
ఫోన్లో ఫోటో చూపించింది:
నున్నటి బోడి రాయి,
వాన జారిన నల్ల చారలు.
"ఇది మన పెనుకొండే కదమ్మా" అంటి.
నవ్వింది. సియోల్‌కు ఉత్తరాన ఉండాదంట.

కింద పేరేమి రాయాలంటే
కుంచె ఆరిపోయేంత సేపు చెప్పింది,
సగం తెలుగు, సగం చేతులు.
శానా కాలం కిందట అది
బిడ్డను వీపున ఎత్తుకున్న కొండ.
పెద్ద గుండు వెనకాల ఇంకో గుండు
అట్ల కరుచుకోని ఉంటుందని.
తర్వాత మూడు కొమ్ముల కొండ,
అది వందల ఏండ్లు నిలిచిందంట.
ఇప్పుడు హాన్ నదికి ఉత్తరపు కొండ.
"దిక్కుతో పిలిస్తే ఎట్లమ్మా,
అవతల పక్క ఊరోళ్ళకు అది దక్షిణం కదా?"
"ఎనభై మూడులో పార్కు చేసిరి.
ఆ పేరే బోర్డెక్కె."

వాళ్ళమ్మ ఆ కొండ వాగులో
రాళ్ళ మీద పలక పరిచి
ఉల్లికాడల అట్లు, బియ్యపు కల్లు అమ్మేదంట.
పార్కోళ్ళు వచ్చి పెనం దించించినారు.
"వాగు తేటపడింది. అదీ నిజమే"
అని గరిటె కడుక్కోను పోయింది.
ఏ పేరు రాయాలో చెప్పకనే పోయింది.

ఆ నెల్లోనే ఫారెస్టు ఓబులేసు వచ్చినాడు,
మూడు బోర్డుల పని, మా ఊరి గుట్టకు.
కంకర మిషనోళ్ళు కన్నేసిన గుట్ట.
రెండేండ్లు కలెక్టరాఫీసు మెట్ల మీద కూర్చుంటే
ఇప్పటికి రక్షిత ప్రాంతమైంది.
ఆ సంతోషంలో రేటు తగ్గిస్తి.
కాగితం విప్పి చూస్తే
దొంగల గుట్ట అని ఉండాది.

సార్, దొంగల కాదు, దోనెల.
పైన రాతి దోనెలుండాయి, ఏడు.
ఏడోదాంట్లో రోహిణి కార్తెకు గూడా నీళ్ళుంటాయి.
నెమిళ్ళు తాగుతాయి, గొర్రెల చిన్నోబన్న తాగుతాడు,
మా జేజి సీతాఫలాల గంప దించి
ఆడనే మొగం కడుక్కునేది.
ఎవరో దొర ఇంగ్లీషులో రాసుకునె,
ఎవరో గుమాస్తా మళ్ళా తెలుగులో దించె,
పోయి వచ్చే దావలో దోనె దొంగాయె.

ఓబులేసు మంచోడే. తల గోక్కున్నాడు.
"గెజిట్లో ఎట్లుంటే అట్లే రాయప్పా.
ఒక్క అక్షరం మారినా
ఇది ఆ గుట్ట కాదని కోర్టుకు పోతారు కంకరోళ్ళు."

రెండో బోర్డు: మేకలు, గొర్రెలు మేపరాదు. కాయలు కోయరాదు.
మూడో బోర్డు జరిమానా.
చిన్నోబన్నకు చదువు రాదు.
నేనే పోయి చెప్పాల. ఇంకా పోలేదు.

రేకుకు తెల్ల ప్రైమరు కొడితి.
ఆరినాక, ఎర్ర ఎనామిల్‌తో, మందంగా,
ఇంటి తలుపులు మూసుకోని,
దోనెల గుట్ట.
దాని మీద పచ్చ రంగు, నాసిది, ఒకే కోటు.
ఆ పైన కాగితంలో ఉన్న పేరు.
ముప్పై ఏండ్లుగా ఇదే పని నాది,
ఏ రంగు ఎన్ని ఎండాకాలాలు ఓర్చుకుంటుందో తెలుసు.
అందాక ఆ దొంగనే కాపలా ఉండనీ.

ఓక్సునమ్మ గోడ మీద
కొండ కింద జాగా ఇంకా ఖాళీనే.
నిన్న అడిగితే గరిటె పక్కన పెట్టి
వంగి, రెండు చేతులు వెనక్కి పెట్టి చూపించింది,
వీపును, వీపు మీది బరువును.
సరే, ఆ అక్షరాలు రాసియ్యమ్మా, గీస్తానంటి.
పెన్ను పట్టుకోని శానాసేపు నిలబడింది.
ఆ పాత పేరు ఎట్ల రాస్తారో
వాళ్ళమ్మకు ఫోన్ చేసి అడగాలంట.
ఆడ అప్పటికే రాత్రంట.
రేపు.