భూతకాలం

మూడో తరగతి. కిటికీ మీద ఫ్లాండర్స్ వాన.
"యుద్ధం నూరేళ్ల కిందటే ముగిసింది"
బోర్డు మీద రాస్తున్నాను.
"మా ముత్తవ్వ కంటే ముందా?"
లీజ్‌బెత్ వేళ్లు మడుస్తోంది.

వెనక బెంచీలో వన్నెస్
టిఫిన్ డబ్బా పక్కనుంచి
తువ్వాలు మూట తీసి బల్ల మీద పెట్టాడు.
తుప్పు. ఇంకా ఆరని మన్ను.
"నాన్న ట్రాక్టరుకి తగిలింది టీచర్,
చక్కెరదుంప అనుకున్నాం."

నా గొంతు నాకే కొత్తగా వినబడింది:
"ఎవరూ ముట్టుకోవద్దు.
కోట్ల కోసం ఆగొద్దు.
జతలు జతలుగా, మెల్లగా."

గేటవతల తడుస్తూ తలలు లెక్కపెట్టాను.
పందొమ్మిది.
మళ్లీ లెక్కపెట్టాను.
సుద్దముక్క పిడికిట్లో పిండి అవుతోంది.

వన్నెస్ నా స్వెట్టరు అంచు లాగాడు:
"పోలీసులు చూశాక
తువ్వాలైనా ఇచ్చేస్తారా?
అమ్మది."