ఎడమ చెవి

చెవి నొప్పని వెళ్తే
నోరు తెరవమంది డాక్టరమ్మ.

పెద్దాసుపత్రి. మూడింటి దాకా ఓపీ.
గాజుగుడ్డతో నాలుక కొస పట్టుకుని
పితుకుతున్నట్టు బయటికి లాగి
బుల్లి అద్దాన్ని దీపం మీద వెచ్చబెట్టి
అంగిలి దాకా తోసింది.
కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందనే సామెత
గుర్తొచ్చింది గానీ
చెప్పడానికి నాలుక నా దగ్గర లేదు.
"ఆ అనండి.
ఇప్పుడు ఈ."
పలక పట్టిన రోజు తర్వాత
నా చేత ఇంత శ్రద్ధగా
అచ్చులు పలికించినవాళ్ళు లేరు.

ముప్పై రెండేళ్ళుగా మిర్చి యార్డులో గుమస్తాని.
నా జీతమంతా మెడకీ నుదుటికీ మధ్య
ఈ జానెడు చోటే సంపాదించింది.
టిక్కీలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసి
చెవి దగ్గర ఆడిస్తాను.
గింజ గలగలంటే ఎండినట్టు,
గమ్మునుంటే రైతు రాత్రి నీళ్ళు చల్లినట్టు.
తొడిమ దగ్గర విరిచి పీలుస్తాను.
ఘాటు ముక్కులో ఆగదు,
వెనక గుమ్మంలోంచి గొంతులోకి దిగుతుంది.
అది ఎక్కడ గీరిందో చూసుకుని
రేటు చెబుతాను.
తేజా అయితే మొదట చెవితమ్మెలు వేడెక్కుతాయి.

"కారం రుచి కాదండీ,
నాలుక మీది మొగ్గలకి దాని ఊసే తెలీదు.
నిప్పు తగిలిందని కబురు మోసే నరమే
దాన్నీ మోస్తుంది. అది ఉట్టి మంట."
ఆరు రుచుల్లో ఒకదాన్ని అలా కొట్టేసి
చేతులు కడుక్కుంది.
మరి చెవి సంగతేంటి?
"చెవి శుభ్రంగా ఉంది.
గొంతుకీ దానికీ ఒకటే తీగ.
కింద రాజుకుంటే పైన నొప్పి.
కబురు ఏ ఇంటి నుంచి వచ్చిందో
మెదడు పోల్చుకోలేదు."
మా కొట్లో పాత ఫోను ఇలాగే,
లోపలి గదికి చేస్తే
గల్లాపెట్టె దగ్గర మోగేది.

మొద్దుబారే మందు కొట్టి
టాన్సిల్ పక్కన ఆవగింజంత తుంచి
సీసాలో వేసింది. మీద నా పేరు.
పదిరోజులు.
"రెండు గంటలు ఏమీ తాగొద్దు, పొలమారుతుంది."

చుట్టుగుంట దాకా షేర్ ఆటోలో
లోలోపల క చ ట త ప అనుకుంటూ వచ్చాను.
క పుట్టాల్సిన చోట
ఎవరో గోడ కట్టినట్టుంది.
ప ఒక్కటే పెదాల మీద క్షేమంగా ఉంది.
చిన్నప్పుడు మాస్టారు తాలవ్యాలు అంటే
మేం తాలుకాయలనుకునేవాళ్ళం,
ఏరి పక్కన పోసేవి అనుకుని
చ ఛ జ ఝ రాయకుండా వదిలేసి
దెబ్బలు తిన్నాం.

గంటన్నరే అయింది.
టీ గ్లాసు చేతికొచ్చాక ఎవడు ఆగుతాడు?
మొదటి గుక్కే దారి తప్పింది.
కళ్ళలో, ముక్కులో, ఎక్కడ చూసినా టీ.
తొడిమలు తీస్తున్న మస్తాన్‌బీ
కారం చేతిని కొంగుకి తుడుచుకుని
పరుగున వచ్చి నా మాడు మీద తట్టింది,
"ఎవరో తలుచుకుంటున్నారన్నా."

ఎవరై ఉంటారు?
ఆ పూట నాకోసం అనుకునేవాళ్ళెవరూ తట్టలేదు.
ఆసుపత్రి మెట్ల కింద గదిలో
మూత బిగించిన సీసాలో కూర్చుని
ఆవగింజంత నేను
నన్ను తలుచుకుంటున్నానేమో.

దాచేపల్లి లాటు దిగింది.
గుప్పెడు కాయలు తీసి
అలవాటుగా ఎడమకి ఎత్తి,
ఆగి,
కుడి చెవి దగ్గర ఆడించాను.