ఎనిమిది దాకా

కాజీపేట రైల్వే గ్రౌండ్ల
నాలుగు గుంజలు పాతి, తాళ్లు గుంజి
పైన టార్పాలిన్ కట్టిన రాత్రి అది.
ఇరవై రూపాల టికెట్టు కొని
ముందటి వరుసల కూసున్నం,
నేను, యాకూబ్ పాషా, లోకో షెడ్డు సాంబమూర్తి.
ఎర్ర నిక్కరు మా ఓదెలుది.
మడికొండ క్రషర్ కాడ రాళ్లెత్తిన భుజాలు.

మొదటి రౌండు వానిదే.
రెండోది ఎవనిదో ఇప్పటికీ తెగలేదు మా మధ్యల.
మూడోదాన్ల ఒకటి తాకింది, చెవి పైన.
పెద్ద దెబ్బ గూడ గాదు.
యాకూబ్ పల్లికాయలు ఒలుసుకుంటుండె, సూడనే లేదు.

మోకాలు మీద కూసున్నడు ఓదెలు.
రెఫరీ వేళ్లు లేపుకుంట లెక్కబెట్టిండు.
ఎనిమిదికి లేసిండు.

లేసినోన్ని సూసి మేమేం జేసినమో
గది గూడ చెప్పాలె.
గొంతు పలిగేదాక ఒర్రినం,
గుద్దు ఓదెలూ, గుద్దు.
వాని కండ్లు మా దిక్కే ఉన్నయి
మమ్ముల సూస్తలేవు.
నాకు కనబడ్డది అది.
కనబడ్డంక గూడ ఒర్రిన.

ఎంజీఎంల తెల్లారగట్ల
సదువు ఇంక అయిపోనట్టున్న డాక్టరమ్మ చెప్పింది:
తలకాయ ఆగుతది గని
లోపలున్నది ఆగదు, పోయి గోడకు తాకుతది.
"బండి సడన్ బ్రేకు కొడితే
డబ్బాల మనుషులు ముందటికి పడ్డట్టా?"
అని అడిగిండు సాంబమూర్తి.
"గట్లనే" అన్నది.
ముప్పై ఏండ్లు ఇంజను తోలినోడు
ఆన్నే, మాపు పెట్టిన తడి నేల మీద కూలబడ్డడు.

ఇప్పుడు ఓదెలు
ఎనుమాముల మార్కెట్ల మిర్చి బస్తాలు లెక్కబెడుతడు.
యాకూబే పెట్టించిండు, సేటు కాళ్లు పట్టుకొని.
చాక్‌పీసు పట్టుకొని ఒక్కో బస్తాకు ఒక్కో గీత.
ఎనిమిది దాకా మంచిగనే వస్తది.
తొమ్మిది కాడ
ఎవలో పిలిసినట్టు మెడ పక్కకు వంచి ఆగుతడు.
మళ్ల ఒకటి కాడికెళ్లి.
హమాలీలు నవ్వరు.
బరువు వీపు మీదనే ఉంచుకొని
తొమ్మిది అన్నా, అని వాళ్లే అందిస్తరు.
మిర్చి ఘాటుకు అందరి కండ్లు కారుతయి ఆడ.
ఎవలవి ఘాటుకో, ఎవలవి దేనికో
ఎవలూ అడగరు. ఆ మార్కెట్టు గందుకే మంచిది.

వాని పెండ్లాం సుగుణ ఒకపాలి అడిగింది.
కొట్లాటకు గాదు,
కిలో ఉల్లిగడ్డ ఎంత అన్నట్టే అడిగింది:
"మీరు గంతగనం ఒర్లకపోతే
లేవకుంట కూసుండేటోడేమో గదా అన్నా?"
ఛాయ్ గిలాస చేతులనే చల్లారింది.

యాకూబ్ అంటడు, ఆట గదా భై,
ఎక్కినోనికి తెల్వదా ఏంది.
అంటడు గని, పల్లికాయలు ముట్టడు గప్పటిసంది.
సాంబమూర్తి టీవీల బాక్సింగు వస్తే
లేసి అవుతలికి పోయి చెట్లకు నీళ్లు పోస్తడు,
వాన పడుతున్నా.

నేను పోనన్న. పోయిన.
పోయిన నెల హన్మకొండ స్టేడియంల
పిల్లల పోటీలు. హెల్మెట్లు ఉన్నయి,
డాక్టరున్నడు, అంబులెన్సు తలుపు తెరిసే ఉన్నది.
అన్ని సూసుకున్నంకనే కూసున్న.
పరకాల పోరడు, పదిహేనేండ్లుంటయో లేవో,
గడ్డం కింద తాకి మోకాలు మీద కూసున్నడు.
ఒకటి. రెండు.
నా ఎనుక వరుస మొత్తం లేసి నిలబడ్డది.
లే రా, లే.

కూసో బిడ్డా, అన్న.
నాకే ఇనబడనంత మెల్లగ అన్న.
ఒళ్లె సూసుకుంటె
నా కుడిచెయ్యి పిడికిలై ఉన్నది,
ఎప్పుడు బిగిసిందో.

ఆరు, అన్నడు రెఫరీ.
ఏడు.