కంచె మెట్టు

ఈ ఏడు కంచె మెట్టు ఎక్కలేకపోయాను.
రాతిగోడకి అవతల బీడుకొండ,
దాని నెత్తిన తొమ్మిది రాళ్లు.
నలభై ఏళ్లుగా నాకు తెలిసిన గుడి అదే.
గుడి అంటే ఎలునెద్ నవ్వేది:
"పైకప్పు లేనిదాన్ని గుడి అనకు, గ్లెనిస్.
అక్కడ వాన కూడా భక్తురాలే."

తుంటి మార్చి ఆరు వారాలు.
కాలెత్తితే లోపలి లోహం
ఇంకా కాదు, ఇంకా కాదు అంటుంది
దరఖాస్తు వెనక్కి తోసే గుమాస్తాలా.

ఫిబ్రవరి మొదటి రాత్రి.
గొర్రెల పొదుగుల్లోకి పాలు దిగే కాలం.
వేల్స్ కొండల మీద మంచు సగం కరిగి
చిరిగిన పక్కదుప్పటిలా పడుంది.
గోడకి ఇవతలే నిలబడి
మెట్టు మీదే పాలు పోశాను.
పచ్చిపాలు కావు,
మూలమీది కొట్లో కొన్న అరలీటరు,
గడువు రేపటితో సరి.
నా పింఛనెంతో దేవతకి తెలుసు.

ఇరవైమూడేళ్లప్పుడు ఇలా కాదు.
అప్పుడు నా పేరు వెండి గుడ్లగూబ.
నవ్వకండి, నేనే పెట్టుకున్నాను.
నల్ల వెల్వెట్ అంగీ కూడా నేను కుట్టుకున్నదే.
మే పండగ మంట దూకుతుంటే అంచు అంటుకుంది.
ఇద్వాల్ చేతిలో బీరు పోసి ఆర్పాడు.
మా కాపురం అలా మొదలైంది.
ఇద్దరి మణికట్లకీ ఒకే ఎర్ర ఉన్నిదారం,
ఒక ఏడూ ఒక రోజూ అని మాట.
గడువు తీరినప్పుడల్లా మళ్లీ కట్టుకున్నాం, ముప్పై ఒక్కసారి.
మధ్యలో ఒకసారి కట్టుకోలేదు.
ఆ ఏడు గురించి అడగొద్దు.

అమ్మ చాపెల్ మనిషి.
ఆదివారపు టోపీ తీయకుండానే అంది:
"చెట్లకి మొక్కేదానివి, చెట్టుకిందే పోతావు."
శపించాననుకుంది.
నాకది దీవెనలా తగిలింది. చెప్పలేదు.
ఆఖరి వారం, మాటలు ఒక్కొక్కటే
ఆమెని విడిచి వెళ్తున్నప్పుడు
కిటికీలోంచి రోవన్ చెట్టు పళ్లు చూసి
"ఎవరే అది, ఎర్రగా?" అంది.
"తెలిసినవాళ్లేలే" అన్నాను.
ఆ రాత్రి ఇద్దరం కలిసి ఆమె కీర్తన పాడాం.
నాకు పల్లవి ఒక్కటే వచ్చు.
ఏ దేవుడూ అడ్డు చెప్పలేదు.

నడివయసులో పండగలన్నీ షిఫ్టుల మధ్య ఇరుక్కున్నాయి.
ఆసుపత్రి లాండ్రీలో రాత్రిపని.
నడివేసవి సూర్యుణ్ని
ఆవిరి పట్టిన అద్దంలోంచి చూశాను, బండి తోస్తూ.
సబ్బునురగ చేత్తోనే నుదురు తాకాను.
అంతే, లోపల ఎవరో గంట కొట్టారు.
దుప్పటి మడిచేటప్పుడు దానికే చెప్పేదాన్ని,
పుట్టేవాళ్లకీ పోయేవాళ్లకీ
ఒకేలా మెత్తగా ఉండమని.

మేం ఐదుగురం ఉండేవాళ్లం.
ఒకామె బుద్ధుడి దగ్గరికి పోయింది, ఒకాయన స్పెయిన్‌కి.
ఇద్వాల్ మోకాళ్లు టీవీ ముందే మొక్కుతున్నాయి.
ఎలునెద్ మట్టిలో ఉంది.
ఏటా అక్టోబరు ఆఖరి రాత్రి
ఆమె పళ్లెంలో ఆమెకి గిట్టని బీట్‌రూట్ వడ్డిస్తాను,
కోపంతోనైనా వస్తుందని.

మనవరాలు నెస్టాకి తొమ్మిదేళ్లు.
గోడెక్కి కూర్చుని కాళ్లూపుతోంది.
"అమ్మమ్మా, పైకెళ్లి ఏం చెయ్యాలి?"
"ఏమీ వద్దు. రాళ్లు లెక్కపెట్టి రా."
టార్చి వెలుగు ఊగుతూ కొండెక్కింది.
చలి నా కొత్త తుంటిలోకి
పాత అద్దెదారులా తాళం తీసుకుని వచ్చింది.
గోడ మీద చెయ్యి వేశాను. తడి నాచు.
ఇన్నేళ్లూ దాటడానికే దీన్ని ముట్టుకున్నాను.

పైనుంచి కేక:
"తొమ్మిది కాదు, పది ఉన్నాయి!"
కాసేపు గాలి మాత్రమే.
"అమ్మమ్మా, పదోది లేచి నడుస్తోంది!"

గొర్రె అని చెప్పబోయాను.
చెప్పలేదు.