తిరగేసిన అక్షరం

అరండల్‌పేట ఎనిమిదో లైన్లో
మా నాన్న పెట్టిన రబ్బరు స్టాంపుల కొట్టు.
ముప్పై ఏళ్ళుగా నేను అక్షరాల్ని
వెనకవైపు నుంచే చూస్తున్నాను.
‘ప్రధానోపాధ్యాయులు’ నా చేతిలో ఉన్నంతసేపూ
ఎడమది కుడికి, కుడిది ఎడమకి.
సిరా తాగి కాగితం మీద పడ్డాకే
లోకానికి తిన్నగా కనిపిస్తాడు.

ఆ సంగతి ఎందుకంటే,
మా వెబ్‌సైటు లోపలి పేజీ మొదటిసారి తెరిచినప్పుడు
నాకు భయం వెయ్యలేదు.
వేసింది, అబద్ధం ఎందుకు.
కానీ ఆ బాణం గుర్తులూ బ్రాకెట్లూ చూస్తుంటే
ఇదీ స్టాంపు వెనకవైపే కదా అనిపించింది.

సైటు చేసిచ్చిన కుర్రాడు జోయల్.
ఒక్క ధర మార్చమంటే
ఐదొందలు మేడం, సాయంత్రానికి చేసేస్తా అనేవాడు.
ఆ సాయంత్రం ఏ రోజుదో చెప్పేవాడు కాదు.
పోయిన వేసవిలో అతని ఫోనే పనిచెయ్యడం మానేసింది.
రబ్బరు షీటు రెండింతలైనా
సైటులో మాత్రం సెల్ఫ్ ఇంకు స్టాంపు
ఇంకా రెండొందల ఇరవైకే దొరుకుతోంది.
పైగా తాళం బొమ్మ ఊడిపోయి
‘సురక్షితం కాదు’ అని పడింది
మా నాన్న పేరు పక్కనే.
అప్పుల పుస్తకంలో కూడా
తన పేరు పక్కన ఎర్ర సిరా పడనివ్వని మనిషి.

పక్క జిరాక్సు కొట్టు రోజ్‌మేరి
స్టూలు లాక్కుని కూర్చుంది.
"డొమైన్ అంటే బోర్డు వదినా, హోస్టింగ్ అంటే గది అద్దె.
రెండూ ఒకరికే కట్టాలని లేదు,
ఒకేరోజు కట్టాలనీ లేదు."
అద్దె గురించి నాకా చెప్పేది!
పాస్‌వర్డు గ్యాసు పుస్తకం వెనక రాసుకున్నాను.
చూసి నెత్తి కొట్టుకుంది.
కొట్టేశాను. ఇప్పుడెక్కడుందో మీకు చెప్పను.

శుక్రవారం రాత్రి
ఒక్క కామా తీశాను.
కొట్టు మొత్తం తెల్లకాగితమైపోయింది.
ధరల్లేవు, బోర్డు లేదు, నాన్న ఫొటో లేదు.
బయట ఆఖరి ఆటో కూడా వెళ్ళిపోయింది.
ఫోన్లో రోజ్‌మేరి నిద్రగొంతు:
"నిన్న కాపీ తీసిపెట్టుకున్నావా?"
పెట్టుకున్నాను.
కార్బన్ లేకుండా ఒక్క బిల్లైనా రాయని చెయ్యి నాది.

అంతా మళ్ళీ నిలబెట్టి
పైనుంచి కిందికి చదువుతుంటే దొరికింది:
మా ఫోన్ నంబర్లో ఏడో అంకె
మూడు కాదు, ఎనిమిది అని ఉంది.
రెండేళ్ళ నుంచి.
ఎనిమిదిని తిరగేసినా ఎనిమిదే,
నా కళ్ళకి అదొక్కటే చిక్కలేదు.

ఆ తప్పు నంబరుకి చేశాను.
తెనాలిలో సైకిళ్ళు బాగుచేసే వీరరాఘవులు.
"స్టాంపులు కదమ్మా?
అరండల్‌పేట ఎనిమిదో లైను, జిరాక్సు కొట్టు పక్కన.
ఆదివారం సెలవు" అని గడగడా అప్పజెప్పాడు.
మొదట్లో విసుక్కున్నాడట.
తర్వాత కొడుకు ఫోన్లో మా సైటు తెరిపించి
అడ్రసు బట్టీ పట్టాడట.
"మొన్న కొత్తపేట డాక్టరమ్మకి ధర కూడా చెప్పా,
రెండొందల ఇరవై."
అదా, ఆవిడ నాతో అంత పేచీ పెట్టింది!

నంబరు సరిచేశాను, ఇక మీకు ఇబ్బంది ఉండదన్నాను.
అవతల చక్రం ఒకటి తిరిగి తిరిగి ఆగిన చప్పుడు.
"ఐతే ఇక రావన్నమాట" అన్నాడు.

ఇప్పుడు ప్రతి నెలా ఒకటో తారీఖున
కొట్టు ఊడ్చి, గడప ముందు నీళ్ళు చల్లి,
సైటు లోపలికి వెళ్తాను.
తాళం ఉందా, కాపీ తీశానా, అప్‌డేట్లు అయ్యాయా.
ఒక్కోదాని పక్కన నోటుబుక్కులో
నాకోసం నేనే చెక్కుకున్న స్టాంపు వేస్తాను:
‘సరిచూడబడినది’.
కాలెండర్లో మార్చి పదిహేడు చుట్టూ సున్నా చుట్టాను,
బోర్డు అద్దె కట్టే రోజు.

‘సంప్రదించండి’ పేజీలో
రెండో నంబరుకని ఒక గడి ఉంది.
జోయల్ ఖాళీగా వదిలేశాడు.
నిన్న రాత్రి దాంట్లో తెనాలి నంబరు కొట్టి,
సేవ్ నొక్కకుండా
చాలాసేపు అలా చూస్తూ కూర్చున్నాను.